బాకీ పడ్డ పరామర్శ

ఇంట్లో మనిషి పోతే మన ఊళ్ళలో ఆ ఇంటి తలుపు వేయరు. వచ్చినవాళ్ళు పెద్దగా ధైర్యం చెప్పేదీ ఉండదు. పక్కన కూర్చుని 'ఎట్లా జరిగింది' అని అడుగుతారు. పొద్దున కాఫీ తాగింది, పదింటికి ఆయాసంగా ఉందన్నది, ఆటో కోసం పరుగెత్తాం... వచ్చిన ప్రతివారికీ ఆ కథ మొదటినుంచీ చెప్పాలి. పదిమందికి చెప్పేసరికి, జరిగింది నిజమేనని చెప్పేవారి మనసుకు ఎక్కుతుంది. పక్కింటినుంచి క్యారియర్ వస్తుంది. పెద్దకర్మ, నెలమాసికాలు, సంవత్సరీకం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ముస్లింల ఇళ్ళలో నలభయ్యో రోజు, క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూడిక. కౌన్సెలింగ్ అన్న మాట మన చెవిన పడకముందు నుంచీ కుటుంబాల మనసును కాపాడింది ఈ రాకపోకలే.

కరోనా కాలంలో అవి ఆగిపోయాయి. అంత్యక్రియలకు 20 మందికి మించకూడదని 2020 మార్చి 24న కేంద్ర హోంశాఖ ఆదేశించింది. అంటురోగం కాబట్టి అది సబబే. అయితే అదే నెలలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో కొంత దయ కూడా ఉంది. మృతదేహం ఉంచిన సంచీకి ముఖం దగ్గర జిప్పు సిబ్బంది చేత తీయించి ఆఖరి చూపు చూడనివ్వవచ్చు. తాకకుండా చేసే కర్మలు చేసుకోవచ్చు, తీర్థం చల్లవచ్చు. అస్థికల వల్ల ప్రమాదమేమీ లేదు. నిబంధన ఇచ్చిన ఆ కాస్త వీలునూ మన భయం లాగేసుకుంది. 2020 జూన్‌లో పలాసలో ఒక వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీ తొట్టెలో తరలించారు. ఆ తర్వాత అధికారులను సస్పెండ్ చేశారు. ఆ దృశ్యం చూసిన కుటుంబానికి సస్పెన్షన్ వల్ల ఒరిగేదేముంది? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు తండ్రి చితిని వాట్సాప్ వీడియోలో చూసి, ఫోన్ పెట్టేసి, మర్నాడు పొద్దున్నే ఆఫీసు మీటింగుకు కూర్చున్నారు.

దంపతులిద్దరూ ఆసుపత్రిలో ఉండగా ఒకరు పోతే, రెండోవారికి చెప్పకుండా దాచిన ఇళ్ళు ఎన్నో. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి దగ్గర ఆ మాట ఎత్తలేకపోయిన పిల్లల్ని తప్పుపట్టలేం. కానీ డిశ్చార్జి అయ్యాక కూడా 'వేరే వార్డులో ఉంది', 'అక్కావాళ్ళింట్లో ఉంది' అంటూ రోజులు నెట్టడం మాత్రం మేలు కాదు. నిజం తెలిసిన రోజున మనిషి పోయిన దుఃఖానికి, తనవాళ్ళే మభ్యపెట్టారన్న బాధ తోడవుతుంది. కాస్త తేరుకోగానే, వీలైతే డాక్టరు దగ్గరుండగా, ఇంటివాళ్ళే సూటిగా చెప్పడం మంచిది.

టీవీ కట్టేయండి, వేళకు నిద్రపోండి, నాలుగడుగులు నడవండి అని ఆ రోజుల్లో నిపుణులు చెప్పినవన్నీ మంచి మాటలే. స్క్రోలింగులో మృతుల లెక్క చూస్తూ అన్నం కలుపుకోవడం ఏ మనసుకు మంచిది? అయినా వాటికంటే ఎక్కువ మేలు చేసినవాళ్ళు వేరే ఉన్నారు. గదిలో ఒంటరిగా ఉన్న రోగికి గుమ్మం దగ్గర కంచం పెట్టి వెంటనే వెళ్ళిపోకుండా, మాస్కు కట్టుకుని వరండాలో కాసేపు కూర్చుని, తలుపు ఇవతలినుంచి కబుర్లు చెప్పినవాళ్ళు. రోగానికి కావలసిన దూరం పాటిస్తూనే మనిషికి కావలసిన దగ్గరతనం వాళ్ళు ఇచ్చారు.

పిల్లల సంగతి ఇంకా కష్టం. నాన్న ఊరెళ్ళాడంటే చిన్నపిల్ల గుమ్మం వైపు చూస్తూనే ఉంటుంది. పెద్దపిల్లకు అసలు సంగతి ఎలాగూ పక్కింటివాళ్ళ మాటల్లో తెలుస్తుంది. చనిపోయారు అన్న మాటను అదే మాటతో చెప్పి, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా జవాబివ్వాలి. తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న పిల్లల పేర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో 10 లక్షల రూపాయల డిపాజిట్ ప్రకటించింది. కేంద్రమూ పీఎం కేర్స్ నుంచి అలాంటి పథకమే తెచ్చింది. చేయవలసిన పనే. డిపాజిట్ కాగితం బీరువాలో భద్రంగానే ఉంటుంది. వాళ్ళమ్మ గురించి ఆ పిల్లతో మాట్లాడే పని మాత్రం ఏ ప్రభుత్వమూ చేయలేదు. అది మేనమామలూ పిన్నులూ అమ్మమ్మలూ చేయవలసినది. పిల్ల ఏడుస్తుందని భయపడి వాళ్ళే ఆ పేరెత్తడం మానేస్తున్నారు.

మహమ్మారి వచ్చిన మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. యువతనూ స్త్రీలనూ అవి ఎక్కువగా పట్టుకున్నాయి. ఆరు నెలలు దాటినా తెమలకుండా, రోజువారీ పనులు సాగనివ్వని దుఃఖాన్ని ఆ సంస్థ తన వ్యాధుల కొత్త పట్టికలో చేర్చింది కూడా. అయితే మన ఇళ్ళలో మిగిలిన దుఃఖమంతా జబ్బేమీ కాదు. అందులో చాలా భాగం ఎవరూ వచ్చి అడగకపోవడం వల్ల లోపలే ఉండిపోయింది.

కాబట్టి కరోనా నడిచిన ఆ రెండేళ్ళలో మీరు వెళ్ళలేకపోయిన ఇల్లు ఏదైనా ఉంటే ఇప్పుడు వెళ్ళండి. ఆలస్యమైందని మొహమాటపడకండి. మరిచిపోండి, గట్టిగా ఉండండి వంటి మాటలు వద్దు. అడిగి, చెప్పినంతసేపూ వినండి. మళ్ళీ ఏ అంటురోగమో వచ్చి తలుపులు మూయవలసి వస్తే, రోజుకొకరు చొప్పున ఫోన్లో మాట్లాడే వంతులు చుట్టాలంతా మొదటి రోజే వేసుకోండి. ఎవరైనా నిద్రాహారాలు మానేసినా, బతకాలని లేదన్నా చుట్టాల మాటలతో సరిపెట్టవద్దు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. బాధపడుతున్నవారే కాదు, వారి ఇంటివాళ్ళూ ఫోన్ చేయవచ్చు.