ఆఫర్ లెటర్‌తో పాటు బడ్జెట్ కూడా చదవండి

నెలకు 300 రూపాయల కేబుల్ ప్యాకేజీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 54 రూపాయలు పడుతుంది. అందులో సగం, 27 రూపాయలు రాష్ట్ర వాటా. ఇంట్లో ఎవరూ పట్టించుకోని లెక్క ఇది. ఫైబర్, నెట్‌వర్కింగ్ జాబ్స్ వెతుక్కుంటున్న మనం మాత్రం పట్టించుకోవాలి.

ఒకప్పుడు రాష్ట్రాలకు కేబుల్ ఒక ఆదాయ మార్గం. పన్ను ఎంతో అసెంబ్లీలే చట్టం చేసి తేల్చేవి. కేరళ అలా కేబుల్ కనెక్షన్లపై విలాస పన్ను వేసింది. ఆ అధికారం రాష్ట్రానికి ఉందని సుప్రీంకోర్టు 2025 మేలో తేల్చింది. కానీ 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆట మారిపోయింది. ఇప్పుడు రేటు చర్చ జీఎస్టీ కౌన్సిల్‌లో జరుగుతుంది. వినోదపు పన్ను వేసే అధికారం స్థానిక సంస్థలకే మిగిలింది.

పన్ను మీద పట్టు తగ్గినా, రాష్ట్రాలు ఈ రంగాన్ని వదల్లేదు. తామే ఆపరేటర్లుగా దిగాయి. తమిళనాడు అరసు కేబుల్ 2011లో నెలకు 70 రూపాయలకే కనెక్షన్ ఇచ్చింది. ఏపీ ఫైబర్‌నెట్ 2017లో 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి మొదలైంది. పల్లెలకు నెట్ వెళ్లడం మంచిదే, కాదనను. నా అభ్యంతరం ఒక్కటే. ఇవి ప్రత్యేక చట్టంతో పుట్టినవి కావు, ప్రభుత్వం పెట్టిన కంపెనీలు. చట్టాన్ని మార్చాలంటే అసెంబ్లీలో చర్చ జరగాలి. కంపెనీ దిశ మార్చడానికి ఒక జీవో చాలు.

దాని దెబ్బ ఎవరికి తగులుతుందో చూశాం. 2024 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ 410 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. గత ప్రభుత్వ హయాంలో వాళ్లను నిబంధనలకు విరుద్ధంగా తీసుకున్నారన్నది యాజమాన్యం మాట. అది నిజమే అనుకున్నా, ఆ నియామకాలు చేసింది ఆ ఉద్యోగులు కాదు. ఉద్యోగం పోయింది మాత్రం చేరినవాళ్లకే.

ప్రైవేటులో లేఆఫ్స్ లేవా అంటారు. ఉన్నాయి. కానీ అక్కడ రిస్క్ ఉందని తెలిసే చేరతాం. ‘గవర్నమెంట్ కంపెనీ’ అనగానే ఇంట్లోవాళ్లతో సహా అందరం సేఫ్ అనుకుంటాం.

అందుకే చేరే ముందు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, అపాయింట్‌మెంట్ కంపెనీ ఇస్తోందా, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఇస్తోందా? రెండు, ఆ పోస్టుకు ఆర్థిక శాఖ మంజూరు ఉందా? జీవో నంబర్ అడగడానికి మొహమాటపడొద్దు. మూడు, గత మూడేళ్ల రాష్ట్ర బడ్జెట్లలో ఆ సంస్థకు ఎంత కేటాయించారు, సవరించిన అంచనాల్లో ఎంత మిగిలింది? ఈ పత్రాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కేటాయింపు ఏటా తగ్గుతుంటే అక్కడ మీ జీతానికి గ్యారంటీ లేదని అర్థం.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. ఇలాంటి సంస్థ పెట్టేటప్పుడే పోస్టులెన్ని, నిర్వహణ ఖర్చెంత, ఐదేళ్లపాటు ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అన్నది అసెంబ్లీ ముందు పెట్టాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మీ ఎమ్మెల్యే ఈ ప్రశ్న అడిగేలా ఒక వినతిపత్రం ఇవ్వండి. ఇంటర్వ్యూ ప్రిపరేషన్‌లో అదీ ఒక భాగమే అనుకోండి.