రోడ్లే మైదానాలు: కాలేజీ కుర్రాళ్లకు ట్రాక్ ఏదీ?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కోడి కూయకముందే రోడ్ల మీద పరుగు మొదలవుతుంది. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం కొందరు, సైన్యంలో చేరాలని మరికొందరు చీకట్లోనే లేచి పరుగెడుతుంటారు. వీరిలో ఇంటర్, డిగ్రీ చదువుతున్నవారు ఎందరో ఉన్నారు. చదువుకునే కాలేజీకి మైదానం ఉన్నా, వీరు లారీలు తిరిగే తోవనే నమ్ముకోవలసి వస్తోంది. చాలాచోట్ల మైదానమంటే వానాకాలంలో మడుగు, వేసవిలో తుమ్మముళ్లు. గీత గీసిన ట్రాక్ కనిపించడం అరుదు.

ఇది పతకాల సమస్య మాత్రమే కాదు. పల్లె కుటుంబాల కూటి సమస్య కూడా. 2022 నవంబరులో వెలువడిన కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారం పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. సైనిక ర్యాలీలో 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు వస్తాయి. రోడ్డు మీద కిలోమీటరు రాయి తప్ప వేరే కొలత లేదు. ఎక్కడ వేగం తగ్గిందో, ఎంత తగ్గిందో కుర్రాడికి తెలియదు. ఆ సంగతి పరీక్ష నాడు తెలిసి ఏం లాభం?

ఎకరంన్నర చాలు

ట్రాక్ అనగానే కోట్ల రూపాయల సింథటిక్ ట్రాకే గుర్తుకు వస్తుంది. ఆ డబ్బు వచ్చేదాకా చేయగలిగింది ఏమీ లేదనుకుని ఊరుకోవడమే అసలు లోపం. ఎనిమిది వరుసల 400 మీటర్ల ట్రాక్‌కు నాలుగెకరాలకు పైగా స్థలం కావాలి. అది అన్ని కాలేజీలకూ ఉండదు. కాని 200 మీటర్ల మట్టి ట్రాక్‌కు ఎకరంన్నర చాలు.

దీని లెక్క కష్టమైనది కాదు. 40 మీటర్ల ఎడంగా రెండు మేకులు పాతాలి. ఒక్కొక్క మేకు నుంచి 18 మీటర్ల 90 సెంటీమీటర్ల తాడుతో బయటి వైపుకు అర్ధ వృత్తం గీసి, రెండింటినీ తిన్నని గీతలతో కలపాలి. ఆ గీతకు 20 సెంటీమీటర్లు బయటగా పరుగెత్తితే ఒక చుట్టు సరిగ్గా 200 మీటర్లవుతుంది. ఒక్కొక్క వరుస వెడల్పు 1.22 మీటర్లు. ఎర్రమట్టి పరిచి, రోలరు తొక్కించి, నూటికి ఒక వంతు మించకుండా లోపలికి వాలు పెట్టి, లోపలి అంచున కాలువ తీస్తే వాన నీరు నిలవదు. గీతలకు సుద్దపొడి వాడాలి. కాల్చిన సున్నం కళ్లకూ కాళ్లకూ చేటు.

ఇలాంటి ట్రాక్ మీద 1600 మీటర్లంటే ఎనిమిది చుట్లు. 8 నిమిషాల్లో ముగించాలంటే చుట్టుకు ఒక నిమిషం. సైన్యంలో పూర్తి మార్కులు కావాలంటే చుట్టుకు 41 సెకన్లు. ఆడపిల్లలకు కానిస్టేబుల్ పరీక్షకు 78 సెకన్లు. చేతిలో గడియారం ఉంటే ఏ చుట్టులో వెనకబడుతున్నారో ఎవరికి వారే తెలుసుకోవచ్చు. నాగావళి, వంశధార ఇసుక దగ్గరలోనే ఉంది కనుక కనీసం 2.75 మీటర్ల వెడల్పున లాంగ్ జంప్ గుంట తవ్వుకోవడమూ పెద్ద పని కాదు.

నేర్పే మనిషే ముఖ్యం

బలానికి ఈ ప్రాంతంలో లోటు లేదు. మల్లయోధుడు కోడి రామమూర్తి వీరఘట్టంలో పుట్టారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. ఆమెకు ఆమదాలవలసలో తొలి పాఠాలు చెప్పింది కోచ్ నీలంశెట్టి అప్పన్న. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం అందుకున్నారు.

ఈ పేర్లలో పరుగు పందెం వారు లేకపోవడం గమనించాలి. బరువులెత్తే విద్యకు మన ఊళ్లలో నేర్పేవారు దొరికారు, ఏళ్ల తరబడి రోజూ సాధన సాగింది. పరుగుకు అలాంటి ఏర్పాటు కుదరలేదు. పొరుగున ఉన్న విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయ్యారు. ఆ స్థాయికి చేరడానికి ఆమె హైదరాబాదు, గుంటూరు, భువనేశ్వర్ తిరగవలసి వచ్చింది. అందరు తల్లిదండ్రులూ పిల్లలను అంత దూరం పంపలేరు.

కాబట్టి ప్రతి కాలేజీలోనూ వ్యాయామ అధ్యాపకుడి పోస్టు ఖాళీగా ఉండకూడదు. ఒక్క కాలేజీ శిక్షకుడిని పెట్టుకోలేకపోతే, చుట్టుపక్కల నాలుగు కాలేజీలూ కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు.

ఏడాది పొడవునా సాధన

అంతర కళాశాల పోటీలు వారం ఉన్నాయనగా జట్టును ఎంపిక చేయడం చాలాచోట్ల అలవాటైంది. వారం రోజుల సాధనతో వచ్చేది కండరాల నొప్పే. కాలేజీ తెరవగానే అందరికీ పరుగు, గెంతు, విసురు పరీక్షలు పెట్టి ఫలితాలు పుస్తకంలో రాయాలి. పదిహేను రోజులకొకసారి మళ్లీ కొలవాలి. సెమిస్టరు పరీక్షల ముందు సాధన తగ్గించి, ముగిశాక పెంచాలి. తుపానులు, ముసుర్లు ఎక్కువగా ఉండే అక్టోబరు, నవంబరు నెలలకు వరండాలో చేసే కసరత్తులు ముందే సిద్ధం చేసుకోవాలి. డిస్కస్, జావెలిన్ వంటివి పశువులూ పిల్లలూ తిరగని వేళ, ఒకే దిక్కుగా విసిరించాలి.

ఆడపిల్లల సంగతి వేరే చూడాలి. సాయంత్రం ఆఖరి బస్సు పోతే ఊరు చేరే దారి లేదు. అందువల్ల వారికి క్లాసుల మధ్యలోనే సాధన వేళ కేటాయించాలి. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి లేనిచోట ఆడపిల్లలు మైదానంలోకి రాలేదని నిందించడం న్యాయం కాదు.

తిండి మాట కూడా మరువరాదు. ఖాళీ కడుపుతో పరుగెత్తితే బలం రాదు. గ్లాసెడు చోడి అంబలి, గుప్పెడు వేరుశెనగలు, ఒక గుడ్డు మన ఊళ్లలో దొరికేవే. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. డిగ్రీ కాలేజీ క్రీడాకారులకు కనీసం ఈ పాటి అల్పాహారమైనా దొరకాలి.

మట్టి, సుద్దపొడి, తాడు, గడియారం, నేర్పే మనిషి. తొలి ఏడాదికి కావలసినవి ఇవే. మట్టి తోలడానికి ట్రాక్టర్లున్న రైతులు ముందుకు రావచ్చు. పూర్వ విద్యార్థులు గడియారాలు కొనివ్వవచ్చు. పోస్టు భర్తీ మాత్రం ప్రభుత్వమే చేయాలి. సింథటిక్ ట్రాక్ వచ్చేవరకు ఆగితే, ఈ ఏడాది డిగ్రీలో చేరిన కుర్రాడి వయసు ఆగదు.