మామ్మ పాట కారులో

సంక్రాంతికి చోడవరం వెళ్లినప్పుడల్లా ఇంట్లో నాకో పని సిద్ధంగా ఉంటుంది. ఒక ఏడాది టీవీ రిమోట్, ఇంకో ఏడాది అమ్మ ఫోన్‌లో నిండిపోయిన గుడ్‌మార్నింగ్ ఫొటోలు. ఈసారి నాన్న బీరువాలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. లోపల నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు డాబాగార్డెన్స్‌లో కొన్న ఎంపీ3 ప్లేయర్. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది.

"దీన్ని మన కారు స్టీరియోకి కలపాల్రా," అన్నాడు.

నవ్వాను. "ఇంకా దీంతో ఏం పని నాన్నా, ఫోన్లో పెట్టుకోవచ్చు కదా," అన్నాను. ఆయన నవ్వలేదు. "అందులో అమ్మ ఉందిరా," అన్నాడు.

అమ్మ అంటే మా మామ్మ. 2016లో పోయింది. ఆ ప్లేయర్‌కి వాయిస్ రికార్డింగ్ ఉందని అప్పట్లో నాకు సరదా, కనపడినవాళ్లందరి మాటా రికార్డ్ చేసేవాణ్ని. మామ్మవి ఏడు ఫైళ్లున్నాయి. వరినాట్లప్పుడు పాడేవి, దంపుళ్ల పాటలు, ఓ లాలిపాట. ఒక దాంట్లో పాటే లేదు, ఆ ఏడు బెల్లం ధర ఎంత పడిపోయిందో తిట్టుకుంటూ చెబుతుంది. అన్నీ కలిపి 41 నిమిషాలు. ఆ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

ఇంట్లోనే వినొచ్చు కదా అని అడిగాను. "అందరి ముందూ వినలేన్రా. కారులో అయితే నేనొక్కడినే," అన్నాడు. ఇక నేనేం మాట్లాడను.

ఇలాంటి పనిలో ముందు చేయాల్సింది కారు దగ్గరికి వెళ్లకపోవడం. ముందు కాపీ తీసుకోవాలి. ప్లేయర్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపితే చార్జింగ్ ఎక్కింది కానీ ఫైళ్లు కనపడలేదు. పాత మినీ యూఎస్‌బీ సాకెట్, లోపల పిన్నులు వంగిపోయాయి. కరెంటు వచ్చే పిన్నులు పనిచేస్తున్నాయి, డేటా పిన్నులు పోయాయి. బజారులో మొబైల్ రిపేరు కుర్రాడు, సాకెట్ తీసి కొత్తది సోల్డర్ చేస్తానన్నాడు. మంచి పనివాడే, కానీ ఆ వేడికి పక్కనున్న మెమరీ చిప్ పోతే? కాపీ లేకుండా దాని మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టనివ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.

మిగిలింది హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే. 3.5 మిల్లీమీటర్ల జాక్. దీని పెద్దన్న 19వ శతాబ్దంలోనే టెలిఫోన్ ఎక్స్‌చేంజీల్లో పనిచేసింది. ఆపరేటర్లు ఒక లైన్ పీకి ఇంకో లైన్‌లో గుచ్చేవారే, ఆ ప్లగ్గే. ఇన్నేళ్లలో సన్నబడింది తప్ప పద్ధతి మారలేదు. దీన్ని ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒకే ఒక్క జాక్‌కి తగిలించి రికార్డ్ చేయబోయాను, గొంతంతా బరబరా పగిలిపోయింది. అది హెడ్‌సెట్ మైకు కోసం పెట్టింది. మైకు ఇచ్చేది చాలా చిన్న సిగ్నల్, ప్లేయర్ ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తెప్పించాను. ప్లేయర్‌లో ఈక్వలైజర్ ఆపేసి, వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర పెట్టి, చార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేశాను. వేవ్ ఫైల్ అయితే నిమిషానికి సుమారు 10 ఎంబీ. మూడు చోట్ల దాచాను, ఒకటి చెల్లి దగ్గర.

మీ ఇంట్లో కూడా ఇలాంటి డబ్బా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. క్యాసెట్ కావచ్చు, పాత నోకియా కావచ్చు. ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి దాని సంగతి చూసినా నేనేమీ అనుకోను.

ఇక కారు. నాన్నది 2008 నాటి చిన్న కారు, సెకండ్ హ్యాండ్. స్టీరియో కంపెనీ బిగించిందే. సీడీ ఉంది, రేడియో ఉంది. ఆక్స్ లేదు, యూఎస్‌బీ లేదు, బ్లూటూత్ అసలే లేదు. ఐపాడ్ వచ్చింది 2001 అక్టోబర్‌లో, బీఎండబ్ల్యూ తన కార్లకు ఐపాడ్ అడాప్టర్ తెచ్చింది 2004లో. మన చిన్న కార్లకి ఆ గాలి తగిలేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో కొన్నవాళ్లందరిదీ ఇదే ఇబ్బంది. స్టీరియో మార్చేద్దామంటే అది మామూలు డబ్బాలా విడిగా ఉండదు, డ్యాష్‌బోర్డ్‌లో కలిసిపోయి ఉంటుంది. కొత్తది పెట్టాలంటే వేరే ఫ్రేమ్ కావాలి, వైరింగ్ అడాప్టర్ కావాలి. పైగా నాన్నకి ఆ బటన్లే అలవాటు.

క్యాసెట్ స్టీరియో అయి ఉంటే నాకు పనే లేదు. క్యాసెట్ ఆకారంలో అడాప్టర్ దొరుకుతుంది, దాన్ని లోపలికి తోస్తే చాలు. టేపు ఉండాల్సిన చోట చిన్న హెడ్డు ఉంటుంది, అది స్టీరియో హెడ్డుకి ఆనుకుని అయస్కాంత సంకేతం అందిస్తుంది. స్టీరియో టేపే తిరుగుతోందనుకుంటుంది. ఇంత అమాయకంగా పనిచేసే పరికరాన్ని నేనింకోటి చూళ్లేదు. సీడీకి అలాంటి కిటుకు కుదరదు.

కాబట్టి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తెచ్చాను. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చేది. ప్లేయర్ పాటని చిన్న రేడియో స్టేషన్‌లా మార్చి పంపుతుంది, స్టీరియోలో అదే ఫ్రీక్వెన్సీ పెడితే పాట వస్తుంది. మా ఇంటి దగ్గర 93.2 ఖాళీగా వినపడింది, అదే పెట్టాను. చోడవరంలో బ్రహ్మాండంగా పాడింది. నాన్న బీఎన్ రోడ్డు గుంతల్లో కూడా కారు మెల్లగా పోనిచ్చి విన్నాడు. (ఆ రోడ్డు మీద మెల్లగా కాక ఇంకెలా పోనిస్తాంలెండి.)

మర్నాడు ఆయన పని మీద విశాఖ వెళ్లాడు. సబ్బవరం దాటాక ఫోన్. "ఒరేయ్, అమ్మ పాడుతూ పాడుతూ ఆగిపోయింది. ఎవడో నగల షాపు ప్రకటన చెబుతున్నాడు."

తప్పు నాదే. విశాఖలో 92.7, 93.5, 98.3, ఆకాశవాణి రెయిన్‌బో 102, ఇన్ని స్టేషన్లున్నాయి. నేను పెట్టిన 93.2 సరిగ్గా 93.5 పక్కన కూర్చుంది. చోడవరంలో ఆ సిగ్నల్ నీరసంగా ఉంది కనక సరిపోయింది, ఊరు దగ్గరపడేసరికి అది బలపడింది. ఎఫ్ఎం రేడియోకి ఓ గుణం ఉంది, రెండు సంకేతాలొస్తే రెండూ కలిపి వినిపించదు, బలమైనదాన్నే పట్టుకుంటుంది. బొటనవేలంత ట్రాన్స్‌మిటర్ కిలోవాట్ల స్టేషన్‌తో ఏం పోటీ పడుతుంది? మీరు పెట్టుకుంటే మీ ఇంటి దగ్గర కాదు, మీరు వెళ్లే ఊళ్లో ఖాళీ ఉన్న ఫ్రీక్వెన్సీ చూసుకోండి. పక్క స్టేషన్‌కి కనీసం 0.4 దూరం ఉంచండి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది.

నేను ఫ్రీక్వెన్సీ మార్చి ఊరుకోవచ్చు. కానీ మామ్మని ఎవడో మధ్యలో ఆపేశాడన్న మాట నాకు గుచ్చుకుంది. వైర్‌తో ఉండే ఎఫ్ఎం మాడ్యులేటర్ తెప్పించాను. ఇదీ ఎఫ్ఎమ్మే, కానీ గాల్లోంచి పంపదు. స్టీరియో వెనక ఏంటెనా ప్లగ్ పీకి దీనికి గుచ్చాలి, దీని ప్లగ్ స్టీరియోకి గుచ్చాలి. స్విచ్ వేస్తే బయటి ఏంటెనాని తెంపేసి మన పాటని నేరుగా లోపలికి పంపుతుంది. స్విచ్ ఆపితే మళ్లీ మామూలు రేడియో.

స్టీరియో వెనక చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలని చదువుకున్న పెద్దమనిషిలా తీసేశాను. పనంతా అయ్యాక మళ్లీ తగిలిస్తే స్టీరియో తెర మీద 'కోడ్' అని వచ్చింది. దొంగతనం భయానికి కొన్ని కంపెనీ స్టీరియోలు కరెంటు పోతే తాళం పడిపోతాయి. ఆ అంకెలు తెలియకపోతే అది ఉత్త డబ్బా. గంటన్నర వెతికితే కారు కాగితాల సంచిలో, ఇన్సూరెన్స్ వెనక, చిన్న కార్డు దొరికింది. పాత యజమాని పారేయకుండా ఉంచినందుకు ఆయనకి మనసులోనే దండం పెట్టాను. మీరు బ్యాటరీ ముట్టుకునేముందే ఆ కార్డు ఉందో లేదో చూసుకోండి. డ్యాష్‌బోర్డ్ క్లిప్పు ఒకటి విరగ్గొట్టాను, అది ఇప్పటికీ గతుకుల్లో టకటకమంటోంది.

ఒక్క సమస్య మిగిలింది. ప్లేయర్ బ్యాటరీ ముసలిది, అరగంటకి పడిపోతోంది. లైటర్ సాకెట్ చార్జర్ పెడితే పాట వెనక 'కూయ్' అని సన్నటి ఈల, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంది. కరెంటు ఒక దారిలో, పాట ఇంకో దారిలో వెళ్లి, రెండు గ్రౌండ్లు కలిసి చుట్టులా తయారైతే ఆల్టర్నేటర్ మోత అందులోకి దూరుతుంది. ఆక్స్ వైర్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా పెడితే పోయింది. లోపలుండేవి రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లే. పాట అయస్కాంతం ద్వారా దాటుతుంది, తీగలు మాత్రం ఒకదానికొకటి కలవవు.

తిరిగి హైదరాబాద్ బయల్దేరే ముందురోజు, రికార్డింగుల్లో కుక్కర్ విజిళ్లు, వెనక కోళ్ల గోల ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తానన్నాను. "ఏదీ తియ్యకు," అన్నాడు నాన్న. మూడో ఫైల్లో పన్నెండో నిమిషం దగ్గర ఎవరో దూరం నుంచి "అమ్మా, అన్నం పెట్టీ" అని కేకేస్తారు. మామ్మ పాట ఆపి "వత్తన్నానురా" అంటుంది. ఆ కేక నాన్నదేనని నాకు అప్పుడు తెలిసింది.

మొన్న ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. నాన్న ఏడంటే, బజారు నుంచి వచ్చి అరగంటైంది, ఇంకా కారులోనే కూర్చున్నాడంది.