సీటు మీద ఆశ సరే, లెక్క ఏది?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, మన క్యాంపుల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఊరి నుంచి భార్య, బావమరిది, లేదంటే ఏదో కాలేజీ పీఆర్వో. అందరిదీ ఒకటే మాట: "పిల్లవాడికి మంచి మార్కులు వచ్చాయి. ఐఐటీ బ్యాచ్‌లో వేస్తే సీటు గ్యారంటీ అంటున్నారు. అడ్వాన్సు పంపండి." మర్నాడే ఎక్స్‌చేంజీ ముందు క్యూ. జీతం రాకపోతే తోటివాళ్ల దగ్గర చేబదులు.

మేం దోహాలో ఆఫీసు గుమాస్తాలం. టైం షీట్లు రాస్తాం, లెటర్లు టైపు చేస్తాం, జీతాల లిస్టులు తయారు చేస్తాం. చదివింది ఇంటర్ వరకే. అయినా కంప్యూటర్ ముందు కూర్చుంటాం కాబట్టి "తమ్మీ, మా పిల్లకు సీటు వస్తదా, జర చూసి చెప్పు" అని అన్నలు హాల్ టికెట్ నంబరు పట్టుకుని మా దగ్గరికే వస్తారు. ఏళ్ల తరబడి చూస్తున్నాం. ఓవర్‌టైం గంటలు నిమిషాలతో సహా లెక్క పెట్టుకునే మనవాళ్లు, పిల్లల సీటు దగ్గరికి వచ్చేసరికి లెక్క మానేసి నమ్మకం మీద నడుస్తున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు పెద్ద లెక్క చూద్దాం. 2025లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు దాదాపు 14 లక్షల 75 వేల మంది. అందులో అడ్వాన్స్‌డ్‌కు అర్హత రెండున్నర లక్షల మందికే. రాసింది 1,80,422 మంది, క్వాలిఫై అయింది 54,378 మంది. దేశంలోని 23 ఐఐటీల్లో ఉన్న సీట్లు 18,160. అంటే మెయిన్ రాసిన ప్రతి 81 మందిలో ఒకరికి సీటు. అంతకంటే ముఖ్యం, క్వాలిఫై అయిన ముగ్గురిలో ఇద్దరికి ఐఐటీ సీటు లేదు. నీట్ సంగతీ అంతే. 2025లో 22 లక్షల మంది రాస్తే 12 లక్షల 36 వేల మంది క్వాలిఫై అయ్యారు. ఎంబీబీఎస్ సీట్లు ప్రభుత్వ, ప్రైవేటు అన్నీ కలిపినా లక్షా ఇరవై వేల చుట్టూ ఉంటాయి. క్వాలిఫై అవడం వేరు, సీటు రావడం వేరు. ఈ తేడా చెప్పకుండా మన దగ్గర డబ్బు వసూలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

అయితే 81 మందిలో ఒకరు అన్నది మీ పిల్లవాడి అవకాశం కాదు, గుంపు లెక్క. లెక్కలు, సైన్సులో పునాది గట్టిగా ఉన్న పిల్లకు అవకాశం అంతకంటే ఎంతో ఎక్కువ. పునాది లేని పిల్లకు ఎంత ఫీజు కట్టినా ఎంతో తక్కువ. మన పిల్ల ఎక్కడ ఉందో తెలుసుకోవడమే అసలు పని.

అది టీవీ ప్రకటన చూసి తెలియదు. ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు అరిచే ప్రకటనలో ర్యాంకు వచ్చినవాళ్ల ఫొటోలే ఉంటాయి. ఫీజు కట్టి ర్యాంకు రానివాళ్ల ఫొటోలు వేస్తే ఆ పేజీ సరిపోదు. పెద్ద కాలేజీల్లో పిల్లలను పై సెక్షన్, కింది సెక్షన్ అని విడగొడతారు. ప్రకటనకు పనికొచ్చేది పై సెక్షన్, కాలేజీ నడిచేది కింది సెక్షన్ల ఫీజుతో. ఒకప్పుడు హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగ్‌లో చేరాలంటే ముందు ఎంట్రన్స్ రాయాలి. ఆ ఎంట్రన్స్‌కే వేరే కోచింగులు నడిచేవి. దానివల్ల ఒక మేలు ఉండేది. ఈ చదువు పిల్లవాడికి సరిపడుతుందో లేదో డబ్బు కట్టక ముందే తేలేది. ఇప్పుడు చాలాచోట్ల ముందు ఫీజు, తర్వాత పరీక్ష.

కోచింగ్ సెంటర్లు ర్యాంకుకు గ్యారంటీ ఇవ్వకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో వినియోగదారుల రక్షణ సంస్థ కూడా నూటికి నూరు శాతం సెలక్షన్ అనే ప్రకటనలను తప్పుపట్టింది. కాబట్టి "గ్యారంటీ" అన్నవాడి ముందు నుంచి లేచి రావచ్చు.

మరి ఏం చూడాలి? కష్టమైన పనేం కాదు. ఒకటి, వారం వారం పరీక్షల మార్కులు వాట్సాప్‌లో పంపమనండి. బాగా వచ్చిన ఒక్కటి కాదు, మూడు నెలల్లో రాసినవన్నీ. పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా కనిపిస్తుంది. రెండు, మొదటి సంవత్సరం అయ్యాక పాత జేఈఈ పేపర్లలోని ఆ పాఠాల ప్రశ్నలు ఎవరి సాయం లేకుండా, గడియారం పెట్టి చేయమనండి. ఆ పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. మూడు, ఆ బ్రాంచిలో రెండేళ్ల కింద ఎంతమంది చేరారు, ఎంతమందికి సీటు వచ్చింది అని కాలేజీనే అడగండి. రెండు అంకెలూ చెప్పకపోతే అదే జవాబు. నాలుగు, ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు ఇచ్చే జోసా సంస్థ ప్రతి కాలేజీలో, ప్రతి బ్రాంచిలో ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో బయటపెడుతుంది. రూపాయి ఖర్చు లేకుండా ఫోన్‌లోనే చూడొచ్చు. ర్యాంకు వచ్చాక మీ కేటగిరీ గీత ఎక్కడుందో చూసుకుంటే ఏజెంటు అవసరం ఉండదు.

ఇక మన గల్ఫ్ సంగతి. "మీకు ఎన్నారై కోటా ఉంది కదా" అని ఊళ్లో అంటారు. మెడికల్‌లో ఎన్నారై కోటా అంటే ఎక్కువ ఫీజు కోటా, దానికీ నీట్ క్వాలిఫై కావాల్సిందే. ఎన్ఐటీల వంటి చోట్ల దాసా పథకం ఉంది. అందులో మూడో వంతు సీట్లు ఖతార్‌తో కలిపి గల్ఫ్ దేశాల్లో పనిచేసే భారతీయుల పిల్లలకు. 2021 నుంచి జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే ఇస్తున్నారు. ట్యూషన్ ఫీజు దాదాపు ఇండియా పిల్లలకు ఉన్నంతే. చాలా మంచి అవకాశం. కానీ పిల్లలు 11, 12 తరగతులు ఇక్కడ చదివి ఉండాలి. ఫ్యామిలీ వీసాకు జీతం పరిమితి ఉంది. 2021 మార్చి నుంచి ఖతార్‌లో కనీస వేతనం వెయ్యి రియాళ్లు, పైన గదికి 500, తిండికి 300. ఆ జీతంతో ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉండే అన్న తన పిల్లలను దోహా స్కూల్లో ఎలా చదివిస్తాడు? గల్ఫ్ కార్మికుల పిల్లల కోటా అని పేరు, కార్మికుడి పిల్లలకే అందదు. ఊళ్లో చదివే గల్ఫ్ కార్మికుల పిల్లలకూ ఇందులో చోటు ఇవ్వాలని మన సంఘాలు గట్టిగా అడగాలి.

ఫ్యామిలీ ఉన్నవాళ్లు ఇంకో మెలిక చూసుకోవాలి. తెలంగాణలో ఎంబీబీఎస్, బీడీఎస్ స్థానిక సీటు కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అక్కడే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. పిల్లను ఇక్కడికి తెస్తే దాసా దారి తెరుచుకుంటుంది, స్థానికత దారి మూసుకుంటుంది. ఇంజనీరింగా, మెడిసినా అన్నది ఎనిమిదో తరగతిలోనే కూర్చుని మాట్లాడుకోవాలి.

"కూలోడి బిడ్డ ఐఐటీకి పోకూడదా?" అని కొందరికి కోపం రావచ్చు. తప్పకుండా పోవాలి. గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి పేదింటి పిల్లలు ఐఐటీలకు, మెడికల్ కాలేజీలకు వెళ్లారు. వాళ్ల తల్లిదండ్రులు లక్షలు కట్టలేదు. ఐఐటీలో సీటు వచ్చాక ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, ఏడాదికి లక్ష లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల లోపు అయితే మూడింట రెండు వంతులు మాఫీ. పదో తరగతి మార్కులతోనే సీటు ఇచ్చే బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, ప్రభుత్వ బడి పిల్లలకు అక్కడ అదనపు వెయిటేజీ కూడా ఉంది. చదివే సత్తా ఉన్న పిల్లకు డబ్బు లేకపోయినా దారులున్నాయి. ఆ చదువు పడని పిల్లకు డబ్బుతో దారి కొనలేం.

ఏడాదికి రెండు లక్షల ఫీజు అనుకోండి. వెయ్యి రియాళ్లంటే సుమారు 24 వేల రూపాయలు. తినకుండా, ఇంటికి పైసా పంపకుండా దాచినా ఎనిమిది నెలలు దాటుతుంది. మిత్తికి తెస్తే ఇంకో కాంట్రాక్టు ఇక్కడే. ఆ బరువంతా పదహారేళ్ల పిల్లవాడికి తెలుసు. శుక్రవారం ఫోన్‌లో "ర్యాంకెంత?" అని మొదటి మాట అడిగితే నిజం చెప్పడానికి భయపడతాడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. సీటు పోతే ఇంకో కాలేజీ ఉంటుంది.

అన్నలూ, మూడు పేర్ల లిస్టు రాసుకోండి. వస్తే అదృష్టం అనుకునేది ఒకటి, రావచ్చు అనుకునేది ఒకటి, తప్పకుండా వచ్చేది ఒకటి. మూడోదాన్ని చిన్నచూపు చూడకండి, ఎక్కువమంది పిల్లలు చదివేది అక్కడే. లిస్టు రాసేటప్పుడు పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఇక్కడినుంచైతే వీడియో కాల్‌లో. ఆ లిస్టు అయ్యాకే ఎక్స్‌చేంజీకి వెళ్లండి.