రేగడిలో గుంత కాదు, దిబ్బ కావాలి



తొలకరి పడగానే మా గుంటూరు జిల్లా నల్లరేగడి ఊళ్లలో రోడ్ల పక్కన, బడి ఆవరణల్లో మొక్కలు నాటే పని జోరందుకుంటుంది. సంతోషమే. అయితే ఎర్రనేలకు నప్పే పద్ధతినే రేగడిలోనూ పాటిస్తున్నారు. ఏటా మొక్కలు పోతున్నాయంటే ఊరివాళ్లు నీళ్లు పోయకపోవడం ఒక్కటే కారణం కాదు.

నేల తడిగా ఉండగా యంత్రంతో గుంత తీస్తే గోడలు నున్నగా మెత్తుకుపోతాయి. అందులో ఎర్రమట్టి, ఇసుక నింపి మొక్క పెడతారు. చుట్టూ ఉన్న రేగడి నీటిని త్వరగా ఇంకనివ్వదు కాబట్టి వాననీళ్లు గుల్లగా ఉన్న ఆ గుంతలోకే దిగి నిలుస్తాయి. అడుగున చిల్లు లేని కుండీలో మొక్క పెట్టినట్టే. గాలాడక వేళ్లు కుళ్లుతాయి. ఆకులు పసుపెక్కి వాలిపోతుంటే తడి చాల్లేదనుకుని ఇంకో బిందె పోస్తారు. ఆ గండం గడిచినా ఎండాకాలం ఉంది. తడికి ఉబ్బే రేగడి ఎండకు ముడుచుకుపోయి, రోహిణి కార్తె నాటికి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. లేత వేళ్లు తెగుతాయి, అడుగు తేమ ఆ నెర్రెల్లోంచే ఆరిపోతుంది.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మట్టి పారకు అంటుకోకుండా విడే పదును చూసుకుని, ఆ నేల మట్టికే చివికిన పశువుల ఎరువు కలిపి, జానెడు ఎత్తున వెడల్పాటి దిబ్బ పోసి నాటాలి. గుంత తీయక తప్పకపోతే గోడలను గునపంతో గీరాలి. కాస్త ఇసుక కలిపితే రేగడి గుల్లబారుతుందన్నది అపోహ, ఒక్కోసారి ఇంకా గట్టిపడుతుంది. మొదలుకు తగలకుండా చుట్టూ వరిగడ్డి మందంగా పరిస్తే నెర్రెలు తగ్గుతాయి.

నల్లతుమ్మ, కానుగ, నేరేడు ఈ నేలను బాగా ఓర్చుకుంటాయి. పొదల్లో వావిలి ఉంది. నీరు నిలవని మెరకలో వేప, చింత పెట్టొచ్చు. పల్లపు రేగడిలో టేకు నాటడం మాత్రం శుద్ధ దండగ.

1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టిన నాటి నుంచీ నాటిన మొక్కల లెక్కే ఘనంగా చెప్పుకుంటున్నాం. అధికారులకు నా మనవి ఒక్కటే. పని అంచనాల్లో గుంత కొలతలతో పాటు నేల రకం కూడా రాయించండి. మూడో ఎండాకాలం దాటాక బతికున్న మొక్కలను లెక్కపెట్టి, ఆ లెక్కను పంచాయతీ గోడ మీద పెట్టించండి.

ఇట్లు,
ఒక రైతు, గుంటూరు జిల్లా