మైళ్లు మనవి, లాభం ఎవరిది? తరచూ విమానమెక్కేవారి సదస్సులు చెబుతున్న పాఠం

విమానాలు తరచూ ఎక్కేవాళ్ల కోసమే అమెరికాలో సదస్సులు జరుగుతుంటాయి. చికాగో సెమినార్స్, ఫ్రీక్వెంట్ ట్రావెలర్ యూనివర్సిటీ ఈ కోవలో పేరున్నవి. వచ్చేవాళ్లు సొంత డబ్బుతో టికెట్ కొని, వారాంతంలో ఓ హోటల్లో దిగుతారు. విమాన మైళ్లు, హోటల్ పాయింట్లు ఎలా కూడబెట్టాలి, ఎలా ఖర్చుపెట్టాలి అన్న పాఠాలు విని వెళ్తారు. వినడానికి ఇది తీరిక, సంపద ఉన్నవాళ్ల సరదాలా అనిపిస్తుంది. కానీ కొడుకు జెద్దాలో, కూతురు చికాగోలో, తల్లిదండ్రులు హైదరాబాద్‌లోనో కర్నూలులోనో ఉన్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో. ఏడాదికి రెండుసార్లు ఆకాశంలో తిరిగే ఈ కుటుంబాలకూ ఆ సదస్సుల్లో నడిచే చర్చకూ దగ్గరి సంబంధమే ఉంది.

ఎక్కడ మొదలైంది?

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మేలో ‘ఆడ్వాంటేజ్’ పథకం తెచ్చింది. యునైటెడ్ సంస్థ అదే ఏడాది పోటీకి దిగింది. అప్పట్లో లెక్క సులువు. ఎంత దూరం తిరిగితే అన్ని మైళ్లు, ఇన్ని మైళ్లకు ఒక ఉచిత టికెట్. గల్ఫ్ సంస్థలు, ఎయిర్ ఇండియా ఆ తర్వాత ఇదే దారి పట్టాయి.

2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ ఈ లెక్క మార్చేశాయి. తిరిగిన దూరం పక్కకు పోయింది, టికెట్‌కు పెట్టిన డబ్బే కొలమానమైంది. హోటళ్లూ అదే బాట పట్టాయి. హిల్టన్ 2017లో, మారియట్ 2022లో ఏ గదికి ఎన్ని పాయింట్లో చెప్పే స్థిరమైన పట్టికను తీసేశాయి. ఇప్పుడు పాయింట్ల ధర కూడా గిరాకీని బట్టి మారుతుంది. రంజాన్ ఆఖరి పది రోజుల్లో మక్కాలో గది వెతికినవాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పక్కర్లేదు.

సదస్సుకు వచ్చేవాళ్లు కోరేదేమిటి?

మొదటి కోరిక నిజాయితీ. వేదిక మీద మాట్లాడేవాళ్లలో కొందరికి క్రెడిట్ కార్డు కంపెనీల నుంచి కమీషన్ వస్తుంది. వాళ్లు చెప్పిన లింకు ద్వారా ఎవరైనా కార్డు తీసుకుంటే వాళ్లకు ఇంత అని ముడుతుంది. అలాంటప్పుడు ‘ఈ కార్డు బాగుంది’ అన్న మాట సలహానా, అమ్మకమా అని వినేవాడికి అనుమానం రావడం సహజం. తరచూ తిరిగేవాళ్లు అడిగేది ఒక్కటే. ఎవరి దగ్గర డబ్బు తీసుకుని మాట్లాడుతున్నారో ముందే చెప్పండి.

రెండోది కొత్త విషయం. ‘మైలు అంటే ఏమిటి’ అనే తొలి పాఠం వాళ్లకు వద్దు. ఏ సంస్థ మైళ్లతో ఏ భాగస్వామి విమానం ఎక్కొచ్చు, నిబంధనలు ఎక్కడ మారాయి, సీటు నిజంగా దొరుకుతుందా అన్నది కావాలి. మూడోది తమలాంటి వాళ్లతో భోజనం దగ్గర కూర్చుని మాట్లాడే తీరిక. అసలు సంగతులు చాలావరకు హాల్లో కాదు, టీ దగ్గరే తెలుస్తాయని అనుభవమున్నవాళ్లకు తెలుసు.

హోటల్ విషయంలో లెక్క ఇంకా గట్టిగా ఉంటుంది. విమానాశ్రయానికి దగ్గరగా ఉండాలి, ఉచిత బస్సు ఉండాలి, వైఫై ఆగకూడదు, ఆదివారం ఆలస్యంగా గది ఖాళీ చేసే వీలుండాలి. అన్నిటికీ మించి, సదస్సు కోసం ఇచ్చిన తగ్గింపు ధర మీద కూడా హోటల్ పాయింట్లు జమ కావాలి. పాయింట్ల కోసం జరిగే సదస్సులో పాయింట్లు రాని గది ఇస్తే ఎవరు ఒప్పుకుంటారు? ఇక్కడే ఓ తమాషా ఉంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ హోటల్ గొలుసులో పెద్ద హోదా ఉన్నవాళ్లే. అందరికీ పెద్ద గది, అందరికీ లాంజ్, అందరికీ ఉచిత నాష్తా కావాలి. దావత్‌లో అందరూ మొదటి దస్తర్‌ఖాన్ మీదే కూర్చుంటామన్నట్టు. అందరూ వీఐపీలే అయినచోట వీఐపీ అంటూ ఎవరూ మిగలరు.

చికాగో ఓహేర్ విమానాశ్రయం పక్కన రోజ్‌మాంట్‌లో ఇస్నా మహాసభలు చాలాసార్లు జరిగాయి. డెవాన్ అవెన్యూ చుట్టుపక్కల స్థిరపడిన హైదరాబాదీలకు ఆ హోటళ్లు కొత్త కాదు. అలాంటి సభకు వెళ్లే ముస్లిం కుటుంబం అడిగేది కొంచెం వేరు. హలాల్ భోజనం, నమాజ్‌కు స్థలం, పిల్లలతో ఉండగలిగే గది. ఇవి విలాసాలు కావు. ప్రయాణ సదస్సు పెట్టేవాళ్లు వీటిని ముందే అడిగి తెలుసుకుంటే ఖర్చు పెద్దగా పెరగదు, వచ్చేవాళ్లు పెరుగుతారు.

అసలు డబ్బు ఎక్కడిది?

మైళ్లు ఇప్పుడు విమాన సంస్థలకు టికెట్ల కంటే నమ్మకమైన ఆదాయం. బ్యాంకులు మైళ్లను టోకున కొని, కార్డు వాడేవాళ్లకు పంచుతాయి. ఒక్క డెల్టాకే 2024లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి 700 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. 2020లో కరోనాతో విమానాలు నేల మీద నిలిచిపోయినప్పుడు యునైటెడ్, డెల్టా తమ మైళ్ల పథకాలనే తనఖా పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకున్నాయి. విమానాలు ఆగినా మైళ్లకు విలువ ఆగలేదన్నమాట.

మరి బ్యాంకులకు ఆ డబ్బు ఎలా వస్తుంది? దుకాణదారు చెల్లించే రుసుము కొంత, బాకీ తీర్చలేనివాళ్లు కట్టే వడ్డీ కొంత. అమెరికా కార్డుల మార్కెట్ మీద ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనం ప్రకారం, ఈ బహుమతుల పేరుతో ఏటా సుమారు 1500 కోట్ల డాలర్లు తక్కువ చదువు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల నుంచి ఎక్కువ ఉన్నవాళ్లకు చేరుతున్నాయి. ఒకరి ఉచిత టికెట్ వెనుక ఇంకొకరి వడ్డీ ఉందని దీని సారాంశం.

ముస్లిం పాఠకులకు ఈ మాట మరింత బరువైనది. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2000లో రియాద్‌లో జరిగిన సమావేశంలో, వడ్డీ షరతు ఉన్న కార్డు తీసుకోవడం, గడువులోగా కట్టేద్దామన్న ఉద్దేశం ఉన్నా సరే, తగదని తీర్మానించింది. ప్రతి నెలా మొత్తం బాకీ తీర్చేస్తే అవసరం మేరకు వాడొచ్చని చెప్పే ఉలమా కూడా ఉన్నారు. ఎవరు ఏ అభిప్రాయం అనుసరించినా, తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగాకే అడుగు వేయడం మంచిది. దీన్ సంగతి అలా ఉంచినా, దునియా లెక్క కూడా ఒప్పుకోదు. మన దేశంలో కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం వడ్డీ మామూలే. ఏడాదికి అది 40 శాతం దాటుతుంది. ఏ మైలూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

కార్డు లేకుండానే దక్కేవి

మన కుటుంబాలు నష్టపోయేది కార్డు లేకపోవడం వల్ల కాదు, విమానమెక్కి సంపాదించిన మైళ్లను వదిలేయడం వల్ల. పదేళ్లుగా రియాద్‌కు వెళ్లి వస్తున్న కార్మికుడికి మైళ్ల ఖాతా ఉండదు. సభ్యత్వం ఉచితం, వడ్డీతో దానికి సంబంధం లేదు. అయినా ఏజెంటు చెప్పడు, అడగాలని మనవాళ్లకు తెలియదు.

ఖాతా ఉన్నా పేరు దగ్గర చిక్కు వస్తుంది. పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’ పూర్తిగా ఉంటుంది, ఖాతాలో ‘ఎండీ’ అని ఉంటుంది. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. టికెట్, ఖాతా పేర్లు కలవకపోతే మైళ్లు జమ కావు. అందుకే ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టు చూసి అక్షరం తేడా లేకుండా రాయాలి. బోర్డింగ్ పాస్‌ను మైళ్లు జమయ్యేదాకా దాచాలి. పడకపోతే సంస్థ పెట్టిన గడువులోగా అడిగి వేయించుకోవచ్చు.

ఉమ్రా గ్రూపు టికెట్లలో చాలావాటికి మైళ్లు రావు, వచ్చినా తక్కువే. డబ్బు కట్టేముందే ఏజెంటును అడిగితే పోయేదేమీ లేదు. హోటల్ గదిని మధ్యవర్తి యాప్‌లో కొంటే పెద్ద గొలుసు హోటళ్లు సాధారణంగా పాయింట్లు ఇవ్వవు. ఎమిరేట్స్, ఖతార్ లాంటి సంస్థల్లో ఇంటిల్లిపాది మైళ్లు ఒకచోట కలుపుకునే వీలుంది. విడివిడిగా ఎవరికీ చాలనివి, కలిస్తే అమ్మీకి ఒక టికెట్ కావచ్చు. ఎమిరేట్స్ మైళ్లకు మూడేళ్ల గడువు ఉంది, అది మరిచిపోకూడదు. ‘ఉచిత’ టికెట్‌కు కూడా పన్నులు, చార్జీలు జేబులోంచే కట్టాలి.

అడిగితేనే మారుతుంది

2023 సెప్టెంబరులో డెల్టా తన పథకాన్ని ఒక్కసారిగా కఠినం చేసింది. ప్రయాణికులు గట్టిగా నిలదీశారు. మరీ దూరం వెళ్లామని సంస్థ అధిపతి ఎడ్ బాస్టియన్ ఒప్పుకుని, కొన్ని మార్పులు వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ నాలుగు పెద్ద విమాన సంస్థల మైళ్ల పథకాల వివరాలు ఇవ్వమని ఆదేశించింది. గుమిగూడి అడిగేవాళ్లు ఉన్నచోటే ఇలాంటివి జరుగుతాయి. ఆ సదస్సుల అసలు బలం అదే.

గల్ఫ్ విమానాల్లో తెలుగు ప్రయాణికుల సంఖ్య తక్కువేమీ కాదు. తక్కువైంది సమాచారం. శుక్రవారం నమాజ్ తర్వాత మస్జిద్ అరుగు మీద, గల్ఫ్ సంఘాల సమావేశాల్లో అరగంట ఈ విషయానికి కేటాయించడానికి హోటలూ అక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు. ఫోన్ వాడటం తెలిసిన పిల్లలు నలుగురు కూర్చుని పెద్దవాళ్ల ఖాతాలు తెరిచి, పేర్లు సరిచేసి, పాత ప్రయాణాలు అడిగి వేయించగలిగితే చాలు. చెమటోడ్చి కొన్న టికెట్ మీద రావలసినది వదులుకోవడం ఉదారత కాదు, తెలియకపోవడం మాత్రమే.