అభిమానికి పెద్దపీట

ఈ సంచికలో విమర్శకులకు విరామమిచ్చి అభిమానికి పెద్దపీట వేసితిమి. కంటోన్మెంటు చెంతనున్న మా యాప్రాల్‌లో, టీకొట్టు బల్లపై కూర్చుండి, చల్లారిన గ్లాసు నొకచేత పట్టి, రెండవచేత లేని హాకీకర్రను త్రిప్పుచు, 1992, 1996, 2000 ఒలింపిక్సులలో ఆడిన హైదరాబాదీ ముకేశ్‌కుమార్ పరుగును వర్ణించు పెద్దమనిషి, మరుక్షణమే చౌరస్తా బ్యాండు పాటను, అటుపిమ్మట 1934లో ఈ పొరుగు తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనెగళ్ చిత్రము ‘అంకుర్’ను తీర్పునకు పెట్టును. పక్షపాతము మెండే; ముకేశ్ విషయమున మాకును అంతే. అయినను, ఆటయు పాటయు సినిమాయు ఫోను తెరలోనికి ముడుచుకొనుచున్న ఈ దినములలో, టికెట్టు కొని, నిలుచుండి, గొంతు బొంగురుపోవువఱకు అరచినవాని మాటలోని వేడి పండితసమీక్షలలో మాకు కానరాలేదు. విభేదించు పాఠకులు ఉత్తరము వ్రాయుడు, అచ్చువేయుదుము.